సేవ్ బొమ్మ వెనకాల కథ: ఫ్లాపీల మీద మోసుకొచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్

పోస్ట్ కొంచెం పెద్దగనే ఉంటది, తీరిక ఉన్నప్పుడు చదవండి. మన గ్రూపులో ఎక్కువగా కొమరం భీం గురించి, 1/70 చట్టం గురించి, పోడు పట్టాల గురించి రాస్తరు. అవి రాయాల్సిందే. నేను ఈసారి కంప్యూటర్ చరిత్ర రాస్తున్న. దీనికి మనకు ఏం సంబంధం అనుకోకండి, చివరికి మన దగ్గరికే వస్తది.

డిగ్రీ ఫస్టియర్ మొదటి ల్యాబ్ రోజున ఫైల్ సేవ్ చేయడానికి ఒక నీలం రంగు చదరపు బొమ్మ మీద నొక్కమన్నరు. ఆ బొమ్మ ఏంటో నాకు తెల్వదు. "చిన్న టీవీ బొమ్మ ఉంది కదా, అదేనా?" అని పక్కన కూర్చున్న అబ్బాయిని అడిగిన. వాడు నవ్విండు, వాడి పక్కోడికి చెప్పిండు, వాడూ నవ్విండు. తర్వాత నాకు అర్థమైంది ఏంటంటే, ఆ ఇద్దరిలో ఒక్కడు కూడా అసలు ఫ్లాపీని చూడలేదు. మా బ్యాచ్ పుట్టేటప్పటికే దాని పని దాదాపు అయిపోయింది. వాళ్లకు పేరు తెలుసు, నాకు పేరు కూడా తెల్వదు, అంతే తేడా.

పోయిన ఎండాకాలం సెలవులకు చండ్రుగొండ వచ్చినప్పుడు, నేను చిన్నప్పుడు చదివిన బడిలో స్టోర్ రూమ్ ఖాళీ చేస్తున్నరంటే సామాను మొయ్యడానికి పోయిన. విరిగిన బెంచీలు, పాత రిజిస్టర్ల కింద ఒక చెప్పుల డబ్బా దొరికింది. అందులో పదకొండు ఫ్లాపీలు. ఒక్కోదాని మీద తెల్ల కాగితం అంటించి బాల్ పెన్నుతో రాసి ఉంది: బూట్, రూట్, బేస్ 1, బేస్ 2 అట్లా బేస్ 10 దాకా. ఏడు మాత్రం లేదు. ఫోటో తీసి మా సీనియర్ అన్నకు పంపిన. ఆయన హైదరాబాద్‌లో కంప్యూటర్ రిపేర్ షాపులో చేస్తడు. వెంటనే ఫోన్ చేసి, "అరే, అవి లినక్స్ వేసే ఫ్లాపీలు రా. ఎవరో కూర్చుని ఒక్కొక్కటి తయారు చేసుకున్నరు. ఏడోది పోయిందా, ఇంక సెట్ మొత్తం పోయినట్టే" అన్నడు.

తయారు చేసుకోవడం అంటే ఏంటి? కొనుక్కోవడం కాదా? నా వెతుకులాట అక్కడ మొదలైంది.

మొదట ఒక సంగతి. కంప్యూటర్ స్విచ్ వేయగానే దానికి ఏమీ తెల్వదు. ఎండాకాలంలో ఎండిన చేతి బోరింగ్ లాంటిది, పైనుంచి ఒక చెంబు నీళ్లు పోసి కొడితే గాని లోపలి నీళ్లు పైకి రావు. కంప్యూటర్‌కు ఆ చెంబెడు నీళ్లు డిస్కు మీద మొట్టమొదటి సెక్టార్‌లో ఉన్న 512 బైట్లు. బోర్డు మీది బయోస్ అనే చిన్న ప్రోగ్రాం ఆ 512 బైట్లను చదివి మెమరీలో పెడుతుంది. చివరి రెండు బైట్లు 55, ఏఏ అని ఉంటే "ఇది లేపే డిస్కు" అని గుర్తుపట్టి పని దానికి అప్పజెప్తది. ఆ చిన్న ముక్క తన వెనకాల ఉన్న పెద్ద ముక్కను లేపుతది, ఆ పెద్దది ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపుతది.

నాకు బాగా ఆశ్చర్యం అనిపించింది ఏంటంటే, ఫ్లాపీ పుట్టిందే ఈ పని కోసం. మన ఫైళ్లు దాచుకోవడానికి కాదు. ఐబీఎం కంపెనీ వాళ్ల పెద్ద యంత్రాలు సిస్టమ్/370 లేవాలంటే లోపల మైక్రోకోడ్ నింపాలి. దాన్ని మార్చినప్పుడల్లా కస్టమర్లకు తక్కువ ఖర్చుతో పోస్టులో పంపగలిగే వస్తువు కావాలి. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో డేవిడ్ నోబుల్ అనే ఇంజినీర్ బృందం దాని మీద పనిచేసింది. 1971లో 8 అంగుళాల ఫ్లాపీ వచ్చింది. అప్పటి డ్రైవ్ చదవడమే గాని రాయడం చేయదు. పట్టేది సుమారు 80 కిలోబైట్లు. ఇప్పుడు మనం వాట్సాప్‌లో పంపే గుడ్ మార్నింగ్ ఫోటో కూడా పట్టదు. 1976లో 5.25 అంగుళాలది వచ్చింది. తర్వాత సోనీ వాళ్ల 3.5 అంగుళాలది, గట్టి ప్లాస్టిక్ తొడుగుతో. సేవ్ బొమ్మ ఇదే, మా డబ్బాలో ఉన్నవీ ఇవే.

1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు అందులో హార్డ్ డిస్క్ లేదు. స్విచ్ వేసిన ప్రతిసారీ డాస్ ఉన్న ఫ్లాపీ పెట్టాలి, లేకపోతే డాస్ రాదు. హార్డ్ డిస్కులు వచ్చాక ఫ్లాపీల నుంచి ఒక్కసారి దాంట్లోకి ఎక్కించుకుంటే సరిపోయేది. అప్పటినుంచి సిస్టమ్‌లు పెరుగుతూ పోయినయ్, ఫ్లాపీ సైజు మాత్రం 1.44 మెగాబైట్ దగ్గర ఆగిపోయింది. ఎంఎస్ డాస్ 6.22 మూడు ఫ్లాపీలు. 1995 ఆగస్టు 24న వచ్చిన విండోస్ 95 పదమూడు ఫ్లాపీలు.

లెక్క చూడండి, ఇది పరీక్షలో రాదు గాని బాగుంటది. ఫ్లాపీకి రెండు వైపులు, ఒక్కో వైపు 80 ట్రాకులు, ఒక్కో ట్రాకులో 18 సెక్టార్లు, ఒక్కో సెక్టార్ 512 బైట్లు. గుణిస్తే 14,74,560 బైట్లు. మైక్రోసాఫ్ట్ వాళ్లు విండోస్ 95 ఫ్లాపీల్లో మొదటిది తప్ప మిగతావాటి మీద ట్రాకుకు 18 బదులు 21 సెక్టార్లు కుక్కిన్రు. అప్పుడు ఒక్కోదాంట్లో 17,20,320 బైట్లు పట్టినయ్. దాంతో ఫ్లాపీలు తగ్గినయ్. ఇంకో సంగతి కూడా జరిగింది, మామూలు డిస్క్ కాపీ కమాండ్‌తో ఆ ఫ్లాపీలను కాపీ కొట్టడం కుదరలేదు. (మన దేశంలో దానికీ దారి కనిపెట్టే ఉంటరు, అది వేరే విషయం.)

ఇక్కడ రెండు దారులు విడిపోయినయ్ అని నాకు అనిపిస్తుంది. ఒక దారిలో ఫ్లాపీ కంపెనీ నుంచి సీలు వేసి వస్తది, నువ్వు కాపీ తీస్తే దొంగవి. ఇంకో దారిలో ఫ్లాపీ నువ్వే తయారు చేసుకుంటవ్, నీ తర్వాతోడికి ఇంకో సెట్ తీసిస్తవ్, దాన్ని ఎవడూ తప్పు అనడు.

రెండో దారి లినక్స్‌ది. 1991లో ఫిన్లాండ్‌లో లీనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి (అప్పుడు ఆయనకు 21 ఏళ్లు, అంటే నాకంటే ఒక్క ఏడాది పెద్ద) మొదలుపెట్టిండు. 1992లో దాన్ని రిచర్డ్ స్టాల్‌మన్ వాళ్ల జీపీఎల్ లైసెన్సు కిందికి తెచ్చిండు. ఎవరైనా వాడొచ్చు, మార్చొచ్చు, కాపీ తీసి పంచొచ్చు, కాకపోతే తీసుకున్నోడికి కూడా అవే హక్కులు ఇవ్వాలె. మొదట్లో అది రెండే ఫ్లాపీలు: బూట్, రూట్. బూట్ ఫ్లాపీ యంత్రాన్ని లేపుతది, తర్వాత రూట్ ఫ్లాపీ పెట్టమని అడుగుతది, అందులో పనికొచ్చే కమాండ్లు ఉంటయ్. మా డబ్బాలోని మొదటి రెండు పేర్లు అవే. 1993 జులైలో అమెరికాలో పాట్రిక్ వోల్కర్డింగ్ స్లాక్‌వేర్ విడుదల చేసిండు, 24 ఫ్లాపీల బొమ్మలుగా. ఆ ఆగస్టులోనే ఇయాన్ మర్డాక్ డెబియన్ మొదలుపెట్టిండు. డెబియన్‌లో 2002 దాకా ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రాం పేరే "బూట్ ఫ్లాపీస్".

బొమ్మ అంటే ఫోటో కాదు, ఇమేజ్ ఫైల్. ఒక ఫ్లాపీ మీద మొదటి సెక్టార్ నుంచి చివరి సెక్టార్ దాకా ఏముండాలో ఉన్నదున్నట్టు ఒక్క ఫైల్‌లో పెట్టింది. దాన్ని మామూలుగా కాపీ పేస్ట్ చేస్తే పనిచేయదు. ఎందుకంటే ఆ 512 బైట్లు సరిగ్గా మొదటి సెక్టార్‌లోనే పడాలి. అందుకే డాస్‌లో రా రైట్ అనే చిన్న ప్రోగ్రాం ఉండేది. అది రెండే ప్రశ్నలు అడుగుతది: ఏ ఫైల్, ఏ డ్రైవ్. తర్వాత ట్రాక్ ట్రాక్‌గా రాసుకుంటూ పోతది. అప్పటికే లినక్స్ ఉన్నోళ్లు డీడీ అనే కమాండ్‌తో అదే పని చేసేటోళ్లు.

సీనియర్ అన్నకు వాళ్ల ఓనర్ చెప్పిన పద్ధతి ఇట్లుంది. ముందు కొత్త ఫ్లాపీలైనా సరే పూర్తి ఫార్మాట్ చేయాలి, పైపైన చేసే క్విక్ ఫార్మాట్ కాదు. పూర్తిది చేస్తే ఎన్ని బ్యాడ్ సెక్టార్లు ఉన్నయో చివర్న చెప్తది. మామూలు ఫైళ్లకైతే ఒకటి రెండు చెడ్డ సెక్టార్లున్నా పక్కన పెట్టి వాడుకోవచ్చు. ఇమేజ్ రాసేటప్పుడు అది కుదరదు, అది సెక్టార్ సెక్టార్‌నూ నింపుతది. ఉన్న 2,880లో ఒక్కటి చెడినా ఆ ఫ్లాపీ పక్కన పడేయాల్సిందే. ఫ్లాపీ నిమిషానికి 300 సార్లు తిరుగుతది, ఒక్కోటి రాయడానికి నిమిషం దాకా పడుతది. రాశాక ఇంకోసారి చదివించి సరిచూసుకోవాలి. వెంటనే లేబుల్ రాయాలి, తర్వాత రాద్దాంలే అనుకుంటే ఏది మూడో ఏది నాలుగో తెల్వదు, పైకి అన్నీ ఒక్క తీరుగనే ఉంటయ్. చివరికి మూలన ఉన్న చిన్న బిళ్ల జరిపి రైట్ ప్రొటెక్ట్ చేయాలి.

ఆ బిళ్ల ఎందుకు ముఖ్యమో కూడా ఒక చరిత్ర ఉంది. 1986లో పాకిస్తాన్ లాహోర్‌లో అంజద్, బాసిత్ అనే ఇద్దరు అన్నదమ్ములు రాసిన బ్రెయిన్ అనే వైరస్, ఐబీఎం పీసీలకు వచ్చిన మొదటి వైరస్‌గా చెప్పుకుంటరు. అది ఫ్లాపీ బూట్ సెక్టార్‌లో కూర్చునేది. అంటే యంత్రం గుడ్డిగా నమ్మే ఆ 512 బైట్లలోనే. ఫ్లాపీ మర్చిపోయి డ్రైవ్‌లో వదిలేసి స్విచ్ వేస్తే చాలు, ఎక్కేది. బిళ్ల జరిపి ఉన్న ఫ్లాపీ మీద అది రాయలేదు. మా డబ్బాలో పదకొండుకు పదకొండు బిళ్లలూ జరిపి ఉన్నయి. ఎవరో పద్ధతి తెలిసిన మనిషే చేసిండు.

మరి ఇంటర్నెట్ సరిగ్గా లేని ఆ రోజుల్లో మన దగ్గరికి ఈ ఇమేజ్‌లు ఎట్లా వచ్చినయ్? ఎక్కువమందికి పత్రికతో వచ్చినయ్. పీసీక్వెస్ట్ అనే ఇంగ్లిష్ పత్రిక 1996 నుంచి లినక్స్ సీడీని పత్రికతో పాటు ఇచ్చింది. బెంగళూరుకు చెందిన అతుల్ చిట్నీస్ దాని వెనకాల గట్టిగా పనిచేసిండు. పత్రిక రేటుకు మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్. కాని చిక్కేంటంటే అప్పటి చాలా కంప్యూటర్లు సీడీ నుంచి లేవవు. సీడీ నుంచి ఎట్లా లేపాలో పద్ధతి ఖరారైందే 1995లో. అది కూడా సీడీ లోపల ఒక ఫ్లాపీ బొమ్మ పెట్టి, "ఇది ఫ్లాపీయే" అని బయోస్‌ను నమ్మించే పద్ధతి! కాబట్టి సీడీ చేతిలో ఉన్నా సరే, దాంట్లోంచి బూట్, రూట్ ఫ్లాపీలు తీసి, వాటితో యంత్రాన్ని లేపి, అప్పుడు సీడీ చదివించాలి. సీడీ డ్రైవే లేని యంత్రానికి అయితే మొత్తం ఫ్లాపీల మీదే మొయ్యాలి. మా డబ్బా అట్లాంటి యంత్రం కోసమే, బేస్ పది దాకా ఉంది కదా.

1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచిన్రు, అదే ఏడాది రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కార్డ్ పథకం కింద కంప్యూటర్లు వచ్చినయ్. పుస్తకాల్లో మన రాష్ట్ర కంప్యూటర్ చరిత్ర అంటే ఇవే ఉంటయ్, పెద్ద భవనాలు, ప్రారంభోత్సవాలు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఫ్లాపీలు కొనుక్కొని, ఏదో ల్యాబ్‌లో కూర్చుని ఒక్కొక్కటి రాసుకుని, చొక్కా జేబులో పెట్టుకుని బస్సెక్కినోళ్ల గురించి ఎక్కడా ఉండదు. కంప్యూటర్ ఊర్లకు చేరింది వాళ్ల వల్ల కూడా అని నేను అంటున్న. ఇప్పుడు కూడా మన గూడేల్లో సిగ్నల్ ఉన్న చోటికి ఒక్కడు పోయి సినిమానో, పరీక్ష పీడీఎఫ్‌లో దించుకొని వస్తే ఊరంతా బ్లూటూత్‌లో పంచుకుంటం. పద్ధతి అదే.

ఇంక అసలు విషయానికి వస్త. ఈ ఫ్లాపీల్లో ఒక్క తెలుగు అక్షరం లేదు. డాస్‌లో లేదు, విండోస్ 95లో లేదు. పుణెలోని సీడాక్ వాళ్ల జిస్ట్ కార్డు అని ఉండేది, కంప్యూటర్ లోపల ఇంకో కార్డు గుచ్చితే డాస్‌లో తెలుగు కనిపించేది. అంటే ఇంగ్లిష్ కంప్యూటర్‌తో పాటే వస్తది, తెలుగుకు వేరే డబ్బులు. జాగా లేకనా? 1991లో యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గడులు ఇచ్చిన్రు. ఒక తెలుగు ఫాంట్ ఒక్క ఫ్లాపీలో హాయిగా పడుతది. అయినా విండోస్‌లో తెలుగు వచ్చింది 2001లో, ఎక్స్‌పీతో, గౌతమి ఫాంట్ రూపంలో. విచిత్రంగా అదే ఎక్స్‌పీకి కూడా పాత యంత్రాల కోసం ఆరు బూట్ ఫ్లాపీలు తయారు చేసుకునే ప్రోగ్రాం మైక్రోసాఫ్ట్ ఇచ్చింది. ఫ్లాపీ పోతూ ఉంటే తెలుగు వచ్చిందన్నమాట.

లినక్స్ దారిలో ఎవరినీ అడగాల్సిన పని లేదు కాబట్టి హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు విద్యార్థులను, ఉద్యోగులను కూడగట్టి మెనూలన్నీ తెలుగులో ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చిన్రు. డెబియన్ ఇన్‌స్టాలర్‌లో కూడా తెలుగు ఉంది. అదెట్లా చేస్తరో చూస్తే ఇంకా ఆశ్చర్యం. ఒక టెక్స్ట్ ఫైల్ ఉంటది. పైన ఇంగ్లిష్ వాక్యం, కింద తెలుగు వాక్యం, మళ్లీ ఇంగ్లిష్, మళ్లీ తెలుగు. ఎవరో కూర్చుని నింపిన్రు, అంతే. ఆ ఫైల్ ఒక్క ఫ్లాపీలో పడుతది.

మన సంగతి ఏంటి? గోండీకి రెండు లిపులు యూనికోడ్‌లోకి వచ్చినయ్. 1918లో మున్షీ మంగళ్ సింగ్ మాసారం తయారు చేసిన మాసారం గోండీ 2017లో, ఆదిలాబాద్ గుంజాల గ్రామంలో దొరికిన చేతిరాతల లిపి గుంజాల గోండీ 2018లో. మన కోయకు అయితే కొత్త గడులు అడగాల్సిన అవసరం కూడా లేదు, తెలుగు లిపిలో రాస్తున్నం. 2004 తర్వాత ప్రాథమిక బడుల కోసం కోయ, బంజారా వాచకాలు తెలుగు లిపిలోనే వేసిన్రు. అయినా నేను ఇప్పటిదాకా ఇన్‌స్టాల్ చేసిన ఏ సిస్టమ్‌లోనూ మొదట్లో "భాష ఎంచుకోండి" అని వచ్చే జాబితాలో కోయ లేదు, లంబాడీ లేదు. 1.44 మెగాబైట్ రోజుల్లో జాగా లేదంటే నమ్మొచ్చేమో. ఇప్పుడు నా సెకండ్ హ్యాండ్ ఫోన్‌లోనే 64 జీబీ ఉంది.

సీనియర్ అన్న దసరాకు వచ్చినప్పుడు యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ పట్టుకొచ్చిండు. ముందే షట్టర్ జరిపి చూస్తే నాలుగింటి మీద తెల్లగా బూజు పట్టి ఉంది, మన వానలకు పట్టక ఏం చేస్తది. అవి పెడితే డ్రైవ్ కూడా పాడైతదని పక్కన పెట్టినం. బూట్ చదివింది. రూట్ చదివింది. బేస్ 1 చదివింది. బేస్ 2 దగ్గర టక్ టక్ మని కొట్టుకుని ఆగిపోయింది. చదివిన మూడింటినీ డీడీతో ఇమేజ్ తీసి నా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్న. బూట్ ఇమేజ్ తెరిచి 511, 512వ బైట్లు చూసిన. 55, ఏఏ. ఇరవై ఏళ్లు దాటినా చెక్కుచెదరలేదు.

ఆ రాత్రి మా అవ్వ దగ్గర కూర్చుని ఇన్‌స్టాలర్ ఫైల్‌లోని వాక్యాలు కోయలోకి పెట్టడం మొదలుపెట్టిన. మొదటి మాట దగ్గరే ఆగినం. తెలుగులో "స్థాపించు" అని పెట్టిన్రు. కోయలో ఏమనాలి? అవ్వను అడిగితే నారు నాటేటప్పుడు వాడే మాట చెప్పింది. చర్ల నుంచి వచ్చి మా హాస్టల్‌లో ఉండే దోస్తును అడిగితే, కాదు, గుంజ పాతేటప్పుడు అనే మాట పెట్టాలి అన్నడు. ఇద్దరూ ఒప్పుకోలేదు. "ఇంతకీ ఏం నాటుతున్నవ్?" అని అవ్వ అడిగితే బేస్ 2 ఫ్లాపీ చేతికిచ్చిన. షట్టర్ జరిపి లోపలి గోధుమ రంగు పొర చూసి, "ఎండిన తునికాకు లాగుంది" అన్నది.

ఇప్పటికి 47 వాక్యాలు అయినయి. దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, మణుగూరు దిక్కు వాళ్లు, మీ దగ్గర నాటడానికి, పాతడానికి, ఎక్కించడానికి ఏమంటరో, ఏ ఊర్లో అట్లా అంటరో కూడా రాయండి. లంబాడీ మిత్రులు ఎవరైనా ఆ ఫైల్ కావాలంటే పంపిస్త. ఇంకొకటి, 2000 ఆ ప్రాంతంలో కొత్తగూడెం, పాల్వంచ కాలేజీ ల్యాబుల్లో చదివిన అన్నలు, అక్కలు మీ ఇళ్లల్లో ఉంటే ఆ లేబుళ్ల ఫోటో చూపించండి. బాల్ పెన్ను రాత, 7 అంకెకు మధ్యలో అడ్డగీత పెట్టే అలవాటున్న మనిషి అనుకుంటున్న, బేస్ 1 లేబుల్ వెనకాల ఏదో ఫోన్ నంబర్‌లో అట్లా ఉంది. ఆ నంబర్ ఇప్పుడు పనిచేయట్లేదు.